అందరికంటే ముందు లేచిన గుడారం

మా మామగారితో ఒకే ఇంట్లో బతకడం అంత తేలికైన పని కాదని ముందే చెప్పేస్తాను. మనిషి మంచివారే. తాగుడు లేదు, తిట్టేవారు కాదు, పులుసులో ఉప్పు తక్కువైనా గిన్నె ఖాళీ చేసేవారు. కానీ ఎవరేం చెప్పినా కళ్ళజోడు పైకి తోసి, "నీకెవరు చెప్పారమ్మా?" అనేవారు. రేపు మంచు పడుతుందట అంటే, ఎవరు చెప్పారు. పక్కింటి ఆవు ఈనిందట అంటే, ఎవరు చెప్పారు. నేను కడుపుతో ఉన్నానన్న సంగతి అత్తగారు మెల్లగా ఆయన చెవిన వేసినప్పుడు కూడా అదే అడిగారు. ఆవిడ చేతిలో పిండి వత్తే కర్ర ఉంది కాబట్టి ఆ ఒక్కసారికి జవాబు కోసం ఆగలేదు.

ఆయన పేరు నేను పలకకూడదు. మా కిర్గిజ్ ఇళ్ళలో కోడలు మామగారి పేరు నోట రానివ్వదు. రాయకూడదని మాత్రం ఎవరూ అనలేదు కనుక రాస్తున్నాను: సాగిన్‌బెక్. 'చోన్-తాల్ వార్తలు' అనే మా ఊరి వారపత్రికకు సంపాదకుడు ఆయనే, విలేఖరి ఆయనే, ప్రూఫులు దిద్దేదీ, చలికాలంలో ఆఫీసు పొయ్యి రాజేసేదీ ఆయనే. పత్రికలో ముందు పేజీ జిల్లా అధికారుల ప్రసంగాలకి, వెనక పేజీ తప్పిపోయిన గొర్రెలకి, చనిపోయిన మనుషులకి. ఊరంతా వెనక పేజీ నుంచే చదివేది.

ఇలా ఫిర్యాదు చేస్తున్నాను గాని, ఆ ప్రశ్న ఆయనకి అలవాటు కాకపోయి ఉంటే మా అన్న కుబాత్ ఇవాళ జైల్లో ఉండేవాడు.

నేను నరిన్‌లో టీచర్ల కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు మా పార్లమెంటు సభ్యుడు తెమిర్‌కన్‌ని చంపేశారు. ఎన్నికలకు ముందు శరదృతువు అది. గని మురుగునీళ్ళు నదిలోకి వదలడానికి వీల్లేదని ఆయన ప్రతి సభలోనూ పట్టుబడుతుండేవాడు. రాజధాని నుంచి ఒంటరిగా కారు నడుపుకుంటూ ఇంటికి వస్తుంటే కనుమ దగ్గర కాల్చారు. పొద్దున్నే పాల లారీ డ్రైవర్ చూసి పోలీసులకి చెప్పాడు. సాయంత్రానికల్లా పోలీసులు మా అన్నని పట్టుకుపోయారు.

అన్న మీద మూడు మాటలు పెట్టారు. వేసవి మేత భూముల విషయంలో సభలో తెమిర్‌కన్‌తో గొడవ పడ్డాడట. అది నిజమే, ఆ సభలో గొడవ పడనివాడు లేడు. తప్పిపోయిన గుర్రాన్ని వెతుకుతూ కనుమ వైపు వెళ్ళాడట. అదీ నిజమే. మూడోది అసలైంది. తెమిర్‌కన్ ఇంటివాళ్ళకి ఇంకా తెలియకముందే మా అన్న టీ దుకాణంలో ఆ చావు గురించి మాట్లాడాడట. చంపినవాడికి కాకపోతే అంత ముందుగా ఎవరికి తెలుస్తుంది?

ఎవరికి తెలుస్తుందంటే, ఊరందరికీ. మా దగ్గర చావు వార్త సొంతవాళ్ళకి ఎవరుబడితే వాళ్ళు చెప్పరు. ముందు పెద్దలు పోగవుతారు. కలిసి ఆ ఇంటికి వెళ్తారు. కూర్చుంటారు, గొర్రెల గురించి మాట్లాడతారు, వానల గురించి మాట్లాడతారు, అప్పుడు మెల్లగా చెబుతారు. ఈలోగా తెలియనిది ఆ ఇంటివాళ్ళొక్కరికే. రాజధాని నుంచి వచ్చిన దర్యాప్తు అధికారి కూడా కిర్గిజ్‌వాడే. ఆయనకి తెలియక కాదు, గుర్తు చేసుకోవడం ఇష్టం లేక.

మా అమ్మ తిరగని ఆఫీసు లేదు. చివరికి పత్రికలో ఏదైనా వేయిద్దామని నన్ను వెంటబెట్టుకుని సంపాదకుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన పొయ్యిలో బొగ్గు వేస్తున్నారు.

"మావాడు చంపలేదయ్యా," అంది అమ్మ.

"అది నేనడగలేదు. చావు సంగతి మీవాడికి ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏంటయ్యా? పిల్లాడు లోపల ఉన్నాడు."

"అందుకే అడుగుతున్నాను. ఎవరు చెప్పారు?"

నాకు ఒళ్ళు మండింది. "అక్కడ మా అన్నని కొడుతుంటే మీరు ఇక్కడ కూర్చుని ఊసుపోని ప్రశ్నలు వేస్తున్నారా?"

ఆయన నా వైపు తిరిగి, బొగ్గు చేతితోనే కళ్ళజోడు పైకి తోశారు. ముక్కు మీద నల్ల మచ్చ పడింది. "చదువుకున్న పిల్లవా?"

"ఆఖరి సంవత్సరం."

"అయితే కూర్చో. కోపం తర్వాతైనా పడొచ్చు. ముందు ఆలోచించి చెప్పు."

అన్నకి చెప్పింది పాల లారీ డ్రైవరే. పెట్రోలు బంకు దగ్గర. డ్రైవర్ భయపడి పోలీసులకి ఆ ముక్క చెప్పలేదు. సంపాదకుడు అతని ఇంటికి వెళ్ళి, టీ తాగి, రొట్టె తిని, మళ్ళీ టీ తాగి, చివరికి ఆ మాట చెప్పించారు. తర్వాత ఊరి మీద పడి ఇంటింటా అదే ప్రశ్న అడిగారు.

ఆ వారం పత్రిక ముందు పేజీలో ప్రసంగం లేదు. 'మీకెవరు చెప్పారు?' అని శీర్షిక. కింద, తెమిర్‌కన్ చావు ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి ఏ మూలన చేరిందో వరసగా పేర్లు. ఎక్కడా ఒక్క ఆరోపణ లేదు. రొట్టెల సాయ్రాకి బంకు మనిషి చెప్పాడు, సాయ్రా తన ఆడబిడ్డకి చెప్పింది, ఇలా. చావు కబురు ఎవరు చెప్పారో మావాళ్ళు మరిచిపోరు. విన్నవాడి మీద దాన్ని మర్యాదగా మోయాల్సిన భారం పడుతుంది కదా.

పత్రిక ఎన్నడూ అంతగా అమ్ముడుపోలేదు. జనం తమ పేరు వెతుక్కున్నారు. తప్పులు దిద్దడానికి ఆఫీసు ముందు వరస కట్టారు. "నాకు చెప్పింది సాయ్రా కాదు, దాని ఆడబిడ్డ. సాయ్రాతో నాకు మాటల్లేవని ఊరందరికీ తెలుసు, నువ్వు నా పరువు తీశావు," అని ఒకావిడ దెబ్బలాడి వెళ్ళింది. ఆయన తర్వాతి వారం సవరణ వేశారు.

ఆ రోజుల్లో ఇంట్లో ఆయనకి దక్కిన మర్యాద గురించి అత్తగారే తర్వాత నాకు చెప్పారు. "మెలిస్ వాళ్ళ నాన్నా, నీకు గొర్రెల వార్తలు సరిపోవా? చచ్చినవాడు మనకి చుట్టమా, పట్టుబడినవాడు చుట్టమా?" అని రోజూ అనేవారట. ఒక పొద్దున ఆఫీసు కిటికీలు పగిలి ఉన్నాయి. ఇంకో వారం అచ్చు యంత్రానికి కరెంటు ఆగిపోయింది, వీధిలో మిగతా ఇళ్ళన్నిటికీ ఉంది. ఆయన పక్క జిల్లాకి వెళ్ళి అచ్చు వేయించి, ఆలుగడ్డల బస్తాల కింద కట్టలు పెట్టించి, ఆ బస్తాల మీదే కూర్చుని బస్సులో తెచ్చారు. "ఆ ఆలుగడ్డలైనా ఇంట్లో పడేశాడు," అంటారు అత్తగారు. అది ఆవిడ మెచ్చుకోలు.

పేర్ల వరసలన్నీ వెనక్కి వెళ్ళి పాల లారీ డ్రైవర్ దగ్గరే ఆగాయి. ఒక్కటి తప్ప.

చనిపోయినవాడి శవాన్ని ఉంచడానికి వాకిట్లో గుడారం వేస్తాం. తెమిర్‌కన్ తాతల నాటి ఇల్లు అతని అన్న మామిర్ బైకేది, గుడారం వేయాల్సింది అక్కడే. బైకే అని మేం పెద్దవాళ్ళైన మగవాళ్ళందరినీ అంటాం. ఇమాము, పెద్దలు కబురు మోసుకుని ఆ ఇంటికి వెళ్ళేసరికి గుడారం లేచి ఉంది. ఇమాము సంపాదకుడికి ఇలా చెప్పాడు: "ఏం చెప్పమంటావు? వానల గురించి ఎత్తుకుందామని వెళ్ళాం. వాళ్ళు అప్పటికే ఏడుస్తున్నారు. మేం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం."

గుడారం పంపింది మామిర్ బైకే వియ్యంకుడు తొరోబెక్. జిల్లా ఆఫీసులో పెద్ద ఉద్యోగి, గనిలో వాటాదారు. లారీ నుంచి గుడారం దింపిన ఇరుగుపొరుగువాళ్ళు చెప్పిందేమంటే, ఆ లారీ వచ్చేసరికి పాల లారీ ఇంకా డెయిరీ నుంచి బయల్దేరనేలేదు. శవాన్ని ఇంకా ఎవరూ చూడలేదు. గుడారం మాత్రం వచ్చేసింది.

మనిషిని చంపించడానికి వెనకాడనివాడు వియ్యంకుడి మర్యాదకి మాత్రం భయపడ్డాడు. చావింటికి వియ్యంకుడి గుడారం ఆలస్యంగా వస్తే జీవితాంతం దెప్పుతారు. ముందుగా వస్తే ఎవరూ ఏమీ అనరనుకున్నాడు. ఒక్కరు అన్నారు.

సంపాదకుడు మామిర్ బైకే ఇంటికి వెళ్ళారు.

"బైకే, మీకెవరు చెప్పారు?"

"గుర్తులేదు."

"తమ్ముడి చావు ఎవరు చెప్పారో మరిచిపోయే మనిషి ఉంటాడా బైకే?"

"ఉంటాడు. నీ ఎదురుగా ఉన్నాడు. టీ తాగి వెళ్ళు."

మామిర్ బైకే కూతురు తొరోబెక్ ఇంటి కోడలు. ఆయన నోరు తెరిస్తే ఆ పిల్ల కాపురం కూలుతుంది. ఆయన తెరవలేదు. పైగా కోర్టులో, కుబాత్ మీదే తన అనుమానమని చెప్పాడు. సంపాదకుడు పొరుగువాళ్ళ మాటలు ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేసి, మామిర్ బైకేకి చెప్పినవారి పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీని ఊరంతా చదివింది.

పాల లారీ డ్రైవర్ పత్రికలో తన పేరు చూసుకున్నాక ఇక భయపడి లాభం లేదని కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పాడు. అన్న ఇంటికొచ్చాడు. తొరోబెక్ ఏదో వైద్యం అని సరిహద్దు దాటి వెళ్ళి, మళ్ళీ రాలేదు. కేసు ఏ బీరువాలోనో నిద్రపోతోంది. మా అమ్మ గొర్రెని తోలుకుని, నన్ను వెంటబెట్టుకుని సంపాదకుడి ఇంటికి వెళ్తే, ఆయన గొర్రెని వద్దన్నారు. పక్కనే వాళ్ళబ్బాయి మెలిస్ నిలబడి నన్ను చూస్తున్నాడు. ఆ తర్వాతి సంగతి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కోర్టు మా అన్నని విడిచిపెట్టింది. మామిర్ బైకే విడిచిపెట్టలేదు. మా దగ్గర విందుల్లో వయసులో చిన్నవాడు పెద్దల చేతుల మీద నీళ్ళు పోస్తాడు, పెద్దలు దీవిస్తారు. అన్న నీళ్ళు తెస్తే మామిర్ బైకే చేతులు కోటు లోపలికి లాక్కునేవాడు. ఆయన లాక్కుంటే పక్కవాడు తటపటాయించేవాడు. అన్న పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించాడు. చావులకి వెళ్ళి అందరి వెనక నిలబడేవాడు. పత్రిక ఎంత రాసినా, చనిపోయినవాడి అన్న ఒక్క మాట అనకపోతే ఈ ఊళ్ళో ఆ మచ్చ పోదు. మామగారికి ఆ సంగతి తెలుసు. దాని గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు గాని, మా అన్న ఇంటికొస్తే ఎప్పుడూ తన పక్కనే కూర్చోబెట్టుకునేవారు.

మామగారు ఒక చలికాలంలో చనిపోయారు. ఏడాది తిరిగాక పెద్ద విందు పెట్టాం. గుర్రాన్ని కోశాం, ఊరందర్నీ పిలిచాం. వచ్చినవాళ్ళలో సగం మంది, పత్రికలో తమ పేరు ఎన్నోదో ఇప్పటికీ చెప్పగలవాళ్ళే. సాయ్రా తన వరసని తప్పుల్లేకుండా అప్పజెప్పింది. ఆడబిడ్డ పక్కనుంచి సవరించింది. కన్నీళ్ళకంటే నవ్వులే ఎక్కువయ్యాయి, ఆయనకి అది నచ్చేది.

మామిర్ బైకే కూడా వచ్చాడు. తొరోబెక్ పరాయి దేశంలోనే చనిపోయాడని ఆ వేసవిలోనే తెలిసింది. ముసలాయన్ని గుడారంలో తలుపుకి ఎదురుగా, గౌరవ స్థానంలో కూర్చోబెట్టాం. అన్న ఈ ఇంటికి వియ్యంకుల వైపువాడు, కూర్చుని తినాల్సినవాడు. "ఆయన విందులో నేను కూర్చోను," అని పొడుగు మూతి చెంబు, పళ్ళెం తీసుకున్నాడు. ఏ చివర నుంచి మొదలుపెట్టాలా అని తలుపు దగ్గరే ఆగాడు.

"ఏంరా, దారి తెలియదా?" అన్నారు అత్తగారు. "పెద్దాయనతో మొదలుపెట్టు."

నేను ఆవిడ చెయ్యి గిల్లాను. ఆవిడ నా చెయ్యి దులిపేశారు.

అన్న వెళ్ళి మామిర్ బైకే ముందు ఒంగాడు. ముసలాయన చేతులు కోటు లోపలే ఉన్నాయి.  రొట్టె నములుతున్నవాళ్ళు ఆపేసి అటే చూశారు.

"మామిర్ బైకే," అన్నారు అత్తగారు, "నీళ్ళు చల్లారిపోతున్నాయి. వేడి చేసింది నేనే, నాకు నడుం నొప్పి."

ఎవరో నవ్వబోయి ఆగారు. ముసలాయన తల ఎత్తలేదు. చేతులు మాత్రం బయటికి తీసి పళ్ళెం మీద పెట్టాడు. అన్న నీళ్ళు పోశాడు.  సగం నీళ్ళు ముసలాయన మోకాళ్ళ మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. అన్న తువ్వాలు అందిస్తే తీసుకోకుండా, తడి చేతులతో అన్న మణికట్టు పట్టుకున్నాడు.

"తొరోబెక్ చెప్పాడు," అన్నాడు. "తెల్లారకముందే వచ్చి, వాడే చెప్పాడు. గుడారం దింపించాడు. నాకు ఎప్పుడూ గుర్తుంది. నా కూతురు ఆ ఇంట్లో ఉందని ఈ పిల్లాడి మీదికి తోసేశాను. సాగిన్‌బెక్ రాసిందంతా నిజం. తప్పు నాది."