జేబు తనిఖీ

ఆసుపత్రి లాండ్రీలో నాకు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. అందులో పదిహేడేళ్ళుగా మేస్త్రీని నేనే. మా గదిలో రూల్సు చాలా ఉన్నాయి గానీ, ప్రాణం పోయినా నేను వదలనివి రెండే. జేబులు తిరగేయకుండా ఏ బట్టా మిషన్‌లోకి వెళ్ళకూడదు. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళే ప్రతి మూటనూ ఇద్దరు చూడాలి. ఒకరు చీటీ చదవాలి, రెండోవాళ్ళు మూటలో ఏముందో తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే మూట విప్పి మళ్ళీ కట్టాల్సిందే. ఈ పట్టుదల వల్ల నా వెనకాల నన్ను పెద్దాఫీసరమ్మ అంటారని తెలుసు. అననివ్వండి. ఈ చేతులతో నేను జేబుల్లోంచి తీసినవాటిలో పెన్నులు, థర్మామీటర్లు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయి.

ఇంత జాగ్రత్తపరురాలినైనా ఒకే ఒక్కసారి బోల్తా కొట్టాను. కొట్టించింది నా తోడబుట్టిన తమ్ముడు.

వాడు చదువు కోసం బ్యాంకు లోను తీసుకున్నప్పుడు హామీ సంతకం నేను పెట్టాను. "ఊరికే సంతకమక్కా, పేరుకే" అన్నాడు. నమ్మాను. ఏడాదిన్నర చదివి మానేశాడు. మానేసిన సంగతి బ్యాంకుకు చెప్పలేదు. గది మారితే కొత్త చిరునామా ఇవ్వలేదు. నోటీసులు పాత గదికి వస్తే, ఆ ఇంటివాళ్ళు వీణ్ణి పిలిచి ఇస్తే, నాకు చూపించడానికి మొహం చెల్లక ప్యాంటు జేబులో మడిచి పెట్టుకుని తిరిగాడు. ఆదివారాలు వాడి బట్టలు ఉతికేది నేనే. లోకంలో అందరి జేబులూ వెతికే నేను, సొంత తమ్ముడి జేబు వెతకడమేమిటని ఊరుకున్నాను. ఉతికిన ప్యాంటుకు తెల్లటి కాగితం పీలికలు అంటుకుని వస్తే, టిష్యూలు తీసెయ్యరా వెధవా అని తిట్టాను కూడా. ఆ నోటీసులను నా చేతులారా నేనే ఉతికానని, నా జీతంలో కోత పడ్డ నెలలో గానీ తెలియలేదు. ఆ కోత నాలుగేళ్ళు సాగింది. మా ఆయన పోయిన కొత్త. అమ్మాయికి బూట్లు కొనాలన్నా వెనకాముందాడిన రోజులవి.

ఆ అమ్మాయే పెద్దదై, కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచేసే మూడేళ్ళ కోర్సులో సీటు తెచ్చుకుంది. ఊరికే రాలేదు, మూడు వడపోతలు దాటి తెచ్చుకుంది. శుక్రవారంలోగా లోను మంజూరు కాగితం చూపించకపోతే ఆ సీటు తర్వాతివాళ్ళకు పోతుంది. ఆదివారం పొద్దున్నే కాగితాల కట్ట పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"అన్నీ నింపేశానమ్మా. నీ హామీ సంతకం ఒక్కటే మిగిలింది."

"ఇందులో ఏముందో చదివావా?"

"పద్నాలుగు పేజీలమ్మా. అందరూ పెట్టేదేగా. చదివాను అని టిక్కు పెడితే అయిపోయింది."

"మీ మావయ్య కూడా టిక్కే పెట్టాడు."

దాని మొహం మాడిపోయింది. రెండు రోజులు మా ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. సంతకం పెడితే మళ్ళీ అదే గోతిలో పడతానేమో. పెట్టకపోతే కన్నకూతురి చదువుకు అడ్డం పడ్డ తల్లినవుతాను. రెండింటి మధ్య నలిగి నలిగి మంగళవారం రాత్రి దానికి ఒక మాట చెప్పాను.

"రేపూ ఎల్లుండీ భోజనాల వేళకి లాండ్రీకి రా. కాగితాలు పట్టుకురా. మూట తనిఖీ చేసినట్టు చేద్దాం. ప్రతి లైనూ నేను చదువుతా, నువ్వు నీ మాటల్లో చెప్పు. చివరిదాకా చెప్పగలిగితే ఎల్లుండి మధ్యాహ్నమే బ్యాంకులో సంతకం పెడతా."

బుధవారం మడత బల్ల మీద దుప్పట్లు పక్కకు జరిపి కూర్చున్నాం. మాతో పాటు రేడియో కూడా కూర్చుంది. రేడియో అంటే నాతో పాటు ఇస్త్రీ రోలరు నడిపే మనిషి. నోరు మూత పడదు గనుక ఆ పేరు. తప్పొప్పులు తేల్చే పని తనకే అప్పగించాను.

"విద్యార్థి స్థితిలో మార్పు సంభవించిన యెడల ముప్పది దినములలోగా తెలియపరచవలెను," అని చదివాను.

"స్టేటస్ మారితే చెప్పాలి," అంది అమ్మాయి.

"స్టేటస్ అంటే?"

"అంటే... స్థితి."

"మూట విప్పు," అంది రేడియో పచ్చడి కలుపుకుంటూ.

అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. కాగితం లాక్కుని మూడుసార్లు చదివింది. "సబ్జెక్టులు సగానికి తగ్గించుకున్నా, మధ్యలో మానేసినా, కాలేజీ మారినా, ఇల్లు మారినా నెల లోపల నేనే బ్యాంకుకి చెప్పాలి. చెప్పకపోతే చదువు అయిపోయినట్టే లెక్కేసి కట్టడం మొదలుపెట్టమంటారు."

"పాస్," అంది రేడియో.

అలా సాగింది. చదువుకునే మూడేళ్ళూ వడ్డీ పెరుగుతూనే ఉంటుందని ఆరో పేజీలో తెలిశాక, అమ్మాయి దరఖాస్తులో హాస్టలు ఖర్చని రాసినదాన్ని తనే కొట్టేసింది. "ఇంట్లోంచే వెళ్తా. రెండు బస్సులు మారాలి, అంతేగా," అంది. నాకు లోపల గర్వంగా అనిపించింది గానీ పైకి చూపించలేదు. తొమ్మిదో పేజీలో ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా వాయిదాలు కొన్నాళ్ళు ఆపమని ముందుగా అడగవచ్చని ఉంది. దాన్ని నేను రెండుసార్లు చదివాను.

"మీ మావయ్య చెడ్డవాడు కాదు," అన్నాను. "సిగ్గుపడ్డాడు. నోటీసు దాచుకున్నాడు. అడిగి ఉంటే దారి ఉండేది. ఆ సంగతి వాడికీ తెలీదు, నాకూ తెలీదు."

"నేను జేబులో పెట్టుకోనమ్మా," అంది అది, నా వైపు చూడకుండా.

పదకొండో పేజీ గురువారం వచ్చింది. అది నా పేజీ, హామీదారు పేజీ. అక్కడికి వచ్చేసరికి రేడియో కూడా తినడం ఆపింది.

"నేను కట్టకపోతే నువ్వు కట్టాలి," అంది అమ్మాయి నెమ్మదిగా. "నేను ఎక్కడున్నా సరే, మనిద్దరికీ మాటలున్నా లేకపోయినా సరే. నీ జీతంలోంచి తీసుకోవచ్చు." వేలు కింది లైనుకు జరిపింది. "కింద ఇంకోటి ఉంది. చదువయ్యాక వరసగా ఇరవై నాలుగు నెలలు ఒక్క గడువూ తప్పకుండా కడితే నీకు హామీ నుంచి విడుదల. కానీ దానికి నేను దరఖాస్తు పెట్టాలి. బ్యాంకు తనంతట తను ఇవ్వదు."

"పాస్," అన్నాం నేనూ రేడియో ఒకేసారి.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్ళాం. లోను ఆఫీసరు చేతిలో పెన్ను పెట్టుకునే పుట్టినట్టున్నాడు. చివరి షీటు మా ముందుకు తోసి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలితో చూపించాడు. వెనక వరసలో జనం ఉన్నారు. నేను పెన్ను తీసుకున్నాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సార్, మూడో పేజీలో కోర్సు అయిన ఆరు నెలలకి వాయిదాలు మొదలు అని ఉంది. ఈ షీట్లో వచ్చే నెల నుంచే అని ఉంది. రెండింట్లో ఏది లెక్క?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు. "అది సిస్టమ్‌లో అలా వచ్చేస్తుందమ్మా. మీరు పెట్టెయ్యండి, తర్వాత మారుస్తాం."

"మార్చాక పెడతాం సార్."

వెనకాల ఎవరో విసుక్కున్నారు. అమ్మాయి కదల్లేదు. ఆఫీసరు షీటు వెనక్కి లాక్కుని ఏవో నొక్కి, కొత్తది ప్రింటు తీశాడు. తేదీ సరిగ్గా ఉంది.

"లా చదువుతావా ఏంటమ్మా?" అన్నాడు.

"లేదండీ. కాళ్ళు చేస్తాను."

ఆయన తెల్లమొహం వేశాడు. నేను నవ్వు ఆపుకుని, పొట్టి సంతకం కాకుండా ఇంటిపేరుతో సహా మొత్తం రాశాను. మొదటిసారి సంతకం పెట్టినప్పుడు కాగితం వైపు చూడనైనా చూడలేదు. ఈసారి కింద ఏముందో తెలిసే పెట్టాను. శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికే అమ్మాయి మంజూరు కాగితం కాలేజీలో ఇచ్చి వచ్చింది.

మూడేళ్ళ చదువు, ఆ తర్వాత మా ఆసుపత్రిలోనే కృత్రిమ అవయవాల విభాగంలో ఉద్యోగం. దాని తెల్లకోట్లు మా లాండ్రీకే వస్తాయి, ప్లాస్టర్ దుమ్ము కొట్టుకుని. జేబులో ఎప్పుడూ ఒక పెన్సిల్ మర్చిపోతుంది. ఎన్నిసార్లు తిట్టినా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక రోజు కోటు మాసిన బట్టల బండిలో వెయ్యకుండా తనే తెచ్చి నా చేతికిచ్చింది. ఇచ్చాక పోకుండా తలుపు దగ్గరే నిలబడింది. అలవాటు చొప్పున జేబు తిరగేశాను. పెన్సిల్ లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది, పైన బ్యాంకు ముద్ర.

పాత ప్యాంటూ, తెల్లటి పీలికలూ కళ్ళ ముందు కదిలాయి. విప్పి చూస్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. రేడియో రోలరు ఆపి వచ్చి, కాగితం నా చేతిలోంచి తీసుకుని పైకి చదివింది.

"ఇరువది నాలుగు వాయిదాలు గడువులోగా చెల్లించినందున, రుణగ్రహీత దరఖాస్తు మేరకు, హామీదారును సమస్త బాధ్యతల నుండి విడుదల చేయడమైనది."

చదివి నా వైపు తిరిగింది. "ఊఁ. ఏముందో నీ మాటల్లో చెప్పు."

కాగితం తీసుకుని పాత మడతల మీదే మళ్ళీ మడతపెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క మూట దగ్గరా నాకు మాట తడబడలేదు.

"చెప్పకపోతే మూట విప్పాలి పెద్దాఫీసరమ్మా," అంది రేడియో. తలుపు దగ్గర మా అమ్మాయి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

"మా అమ్మాయి అన్న మాట నిలబెట్టుకుంది," అన్నాను.

"పాస్," అంది రేడియో.