ఎండాకాలపు గంట సవరణ

వీర్రాజు గారికి రాత్రిళ్ళు చలేస్తే దుప్పటి మీదకి లాక్కోవడం రాదు. పక్కనున్న మనిషి లేచి కప్పాలి. తిన్న కంచం సింకు దాకా తీసుకెళ్ళే దారి కూడా తెలియదు. అమీర్‌పేటలో ఫ్లాటు కొన్నప్పటినుంచీ భార్య హైమవతి చూపిస్తూనే ఉంది. అలాంటి మనిషి, పంజాగుట్టలో ఆఫీసు మూసేముందు, కంప్యూటర్‌కి మాత్రం రోజూ తన చేతులతో గుడ్డ కప్పుతారు. మూలలు లాగి, ముడతలు సరిచేసి మరీ. ఆ గుడ్డ హైమవతి పెళ్ళినాటి వెంకటగిరి చీరలోది. చింపేముందు అడగలేదు.

ఈ వేసవి మొదట్లో ఆ కంప్యూటర్ కాస్తా పోయింది. టప్పుమని ఒక చప్పుడు, వెనకనుంచి సన్నగా పొగ. వీర్రాజు గారు ఆ పూట భోజనం మానేశారు. హైమవతి తండ్రి పోయిన రోజున కూడా ఆయన పెరుగన్నం దాకా వచ్చారు.

కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది వీర్రాజు మ్యారేజ్ బ్యూరో. ఆయన మాట్లాడతారు, హైమవతి టైపు చేస్తుంది. బోర్డు మీద ఆయన ఒక్కరి పేరే ఉంది. కంప్యూటర్‌లో జాతకాలు కలిపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌసుతో పనిలేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఫోనులో ఊరికే జాతకాలు వచ్చే ఈ రోజుల్లో కూడా జనం ఆయాసపడుతూ రెండంతస్తులు ఎక్కి వచ్చేవారంటే దానికి కారణం ఆ సాఫ్ట్‌వేర్ కాదు, గోడమీది ఫ్రేము.

ఆ ఫ్రేములో ఉన్నది వాళ్ళ కూతురు ధాత్రి జాతకచక్రం. నాలుగో ఇంట్లో కుజుడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా.

పదిహేనేళ్ళ క్రితం ధాత్రి, సాయికిరణ్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంది. మంచివాడు, బ్యాంకు ఉద్యోగం, వాళ్ళింట్లోనూ ఇష్టపడ్డారు. వీర్రాజు గారు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే జాతకాలు వేయించారు. కుజదోషం ఉందని తేలింది. మరో తండ్రయితే కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడేమో. వీర్రాజు గారు తానే ఫోన్ చేసి సాయికిరణ్ తల్లికి చెప్పారు. గుళ్ళో పంతులుగారు వేళ్ళమీద లెక్కవేసి దోషమేమీ కనబడట్లేదంటే, "మీది చేతి లెక్కండీ, ఇది కంప్యూటర్," అన్నారు. సంబంధం పోయింది. నెల తిరక్కుండా ఫ్రేము గోడెక్కింది. సొంత కూతురి విషయంలోనే అబద్ధం ఆడని మనిషన్న పేరు పంజాగుట్ట దాటి సనత్‌నగర్ దాకా పాకింది. ఆ తరవాత తండ్రి తెచ్చిన, దోషం ఉన్నవాళ్ళ సంబంధాల్లో ఒక్కదానికీ ధాత్రి పెళ్ళిచూపుల్లో కూర్చోలేదు. సోమాజిగూడ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది, ఎర్రమంజిల్‌లో వేరే ఉంటుంది. నడిచొచ్చే దూరమే. అయినా ఈ మెట్లు ఎక్కదు. తండ్రితో మాటలంటే "ఆ", "ఊ", పండగకి ఒక "సరే".

కొత్త కంప్యూటర్ కొన్నారు. పాత సాఫ్ట్‌వేర్‌ని అందులోకి ఎక్కించే పనికి అమీర్‌పేట కోచింగ్ సందులో రిపేర్లు చేసే మహిపాల్ వచ్చాడు.

"హార్డ్ డిస్క్ బతికే ఉన్నది అంకుల్, ఫికర్ జెయ్యకుండ్రి. గని కొత్త మెషిన్ల ఇది సీదా నడవదు. కొత్తదాని లోపట పాత కంప్యూటర్ లెక్క యాక్టింగ్ చేసే డబ్బా ఒకటి పెడ్త. గీ సాఫ్ట్‌వేర్ అండ్ల కూసుంటది. బయట దునియా మారిందని దానికి తెల్వనే తెల్వదు."

"మా ఇంట్లో అలాంటిది ఒకటి ముందునుంచే ఉంది," అంది హైమవతి, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ.

వీర్రాజు గారు వినలేదు. ఎదుటి కుర్చీలో కూర్చున్న హనుమాండ్లుతో మాట్లాడుతున్నారు. హనుమాండ్లుకి సనత్‌నగర్‌లో చిన్న లేత్ వర్క్‌షాపు ఉంది. కూతురు దివ్యశ్రీకి సంబంధం కుదిరేటట్టుంది. అబ్బాయి తరఫువాళ్ళు వీర్రాజు గారి కాగితం ఉంటేనే ముందుకొస్తామన్నారు.

"బిడ్డది మే నెల పుట్టుక సారు. మీరు జర మంచిగ చూడాలె."

"మంచిగా చూడ్డం, చెడ్డగా చూడ్డం ఉండదండీ ఇక్కడ. అదిగో, ఆ ఫ్రేము చూడండి. ఎవరిదనుకున్నారు? మా అమ్మాయిది. బంగారంలాంటి సంబంధం. కంప్యూటర్ దోషం అంది. నేనే ఫోన్ చేసి వద్దని చెప్పాను. కన్నతండ్రినండీ..." అని ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయన ఎక్కడ ఆగుతారో, ఎక్కడ కళ్ళజోడు తీస్తారో హైమవతికి కంఠతా వచ్చు. మొదట్లో ఆ చోటికి వచ్చేసరికి ఆమె లేచి మెట్ల దగ్గరికి వెళ్ళిపోయేది. ఇప్పుడు గ్లాసులు లెక్క చూసుకుంటుంది.

"అయిపోయింది అంకుల్," అన్నాడు మహిపాల్. "పాతదాంట్ల ఎట్లొచ్చిందో గట్లనే వస్తుందా, ఒక్కటి కొట్టి చూద్దాం. పాత ప్రింటు ఏదన్న ఉన్నదా?"

"ఉండకేం! మా ధాత్రిదే కొట్టు," అని వీర్రాజు గారు స్వయంగా లేచి ఫ్రేము దించి ఇచ్చారు.

మహిపాల్ తేదీ, సమయం, ఊరు టకటకా కొట్టాడు. మధ్యలో ఏదో ప్రశ్న వస్తే చదవకుండానే ఎంటర్ నొక్కేశాడు. చక్రం వచ్చింది. కుజుడు మూడో ఇంట్లో తాపీగా కూర్చుని ఉన్నాడు. కింద ఒక వాక్యం: దోషం లేదు.

"ఎక్కించడంలో ఏదో పాడుచేశావోయ్."

"ఒక్క అక్షరం సుత మారలే అంకుల్. ఉన్నది ఉన్నట్టే తెచ్చిన."

"మరి ఇదేంటి? మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. కుజుడు కదల్లేదు. వీర్రాజు గారి మొహం ఎర్రబడింది. మహిపాల్ పనితనం మీద ఆయన చెప్పడం మొదలుపెట్టినవి హైమవతి కాసేపు విన్నది. మహిపాల్ ఎక్కడ ఎంటర్ నొక్కాడో ఆమె చూసింది. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్న దగ్గర ఆగింది తన వేలే.

"బాబూ, గంట తగ్గించాలా అని అడిగింది చూడు. నువ్వు ఎంటర్ కొడితే అది ఎన్, అంటే నో అనుకుంది. మేం అక్కడ యెస్ అని వై కొడతాం. ఎండాకాలంలో పుట్టినవాళ్ళకి."

మహిపాల్ వై కొట్టాడు. కుజుడు నాలుగో ఇంటికి మారాడు. ఎర్ర సిరా సున్నా ఎక్కడుందో సరిగ్గా అక్కడికి.

"చూశావా!" వీర్రాజు గారికి ప్రాణం లేచొచ్చింది. "తెలీకపోతే అడగాలోయ్."

"గా గంట ఎందుకు తగ్గిస్తున్నరు సారు?" అని అడిగాడు హనుమాండ్లు.

"ఎండాకాలంలో సూర్యుడు ముందే లేస్తాడు కదండీ. ఆ తేడా మనం సర్దాలి. చాలామందికి తెలీదు ఈ సంగతి."

"లేస్తడు. గని దవాఖానల గడియారం లేవదు గద సారు. నర్సమ్మ గడియారం చూసే రాసింది నా బిడ్డ టైము."

వీర్రాజు గారు నవ్వి, ఇవి మీకు అర్థంకావు అన్నట్టు చెయ్యి ఊపారు.

హైమవతి కొత్త కీబోర్డు తన వైపు లాక్కుంది. సాఫ్ట్‌వేర్ కొన్న మొదటి రోజున, ఈ ప్రశ్న దగ్గర ఆగి, "ఒకసారి హెల్ప్ చూద్దామాండీ?" అని ఆమె అడిగింది. "నాకా హెల్పు?" అన్నారాయన. తరవాత పాత కీబోర్డులో హెల్ప్ చూపించే ఎఫ్ వన్ మీట ఊడిపోయింది. ఊడినచోట దసరాకి కుంకుమ బొట్టు పెట్టేవారు.

ఆమె ప్రశ్న దగ్గరికి వచ్చి ఎఫ్ వన్ నొక్కింది. తెర మీద మూడు ఇంగ్లీషు వాక్యాలు వచ్చాయి. హైమవతి వాటిని హనుమాండ్లు కోసం, తొందరేమీ లేకుండా, తెలుగులో చదివింది.

"కొన్ని దేశాల్లో వేసవిలో ప్రభుత్వమే గడియారాలని గంట ముందుకి జరుపుతుంది. అలాంటిచోట పుట్టినవాళ్ళకి మాత్రమే వై నొక్కండి. భారతదేశంలో పుట్టినవారికి ఎన్."

మహిపాల్ తన స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

"అంటే..." హనుమాండ్లు బల్లమీది ఫ్రేమువంక చూశాడు. "మీ బిడ్డకు దోషమే లేకుండెనా సారూ?"

"అప్పట్లో కంప్యూటర్ అలా చెప్పిందండీ. కంపెనీవాళ్ళు సరిగ్గా రాయకపోతే మనమేం చేస్తాం? అందుకే మూతబడిపోయారు."

హైమవతికి ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన ఆడపిల్లలు గుర్తొచ్చారు. పేర్లు కాదు; ఆ కుర్చీలో కూర్చున్న తల్లులు. కాగితం అందుకుని, ఒకసారి ఫ్రేముకేసి చూసి, మారు మాట్లాడకుండా మెట్లు దిగిపోయినవాళ్ళు. సొంత కూతురికే తప్పలేదు, మనమెంత అనుకుంటూ.

ఆమె ఫోన్ తీసి ధాత్రికి చేసింది. స్పీకర్ నొక్కి, బల్లమీద, ఫ్రేము పక్కన పెట్టింది.

"చెప్పమ్మా."

"మీ నాన్న మాట్లాడతారుట."

వీర్రాజు గారు భార్యవంక చూసిన చూపుకి మరో రోజైతే టీ గ్లాసులు పగిలేవి. పరాయివాళ్ళిద్దరు ఎదురుగా ఉన్నారు. గొంతు సవరించుకున్నారు.

"ఏం లేదమ్మా. కొత్త కంప్యూటర్ కొన్నాం."

"సంతోషం."

"పాతది ఎక్కించాం అందులోకి. పరీక్షకని నీ జాతకం వేశాం."

"మళ్ళీనా?"

"దోషం లేదంటోందమ్మా."

"ఎవరు?"

"కంప్యూటర్."

ధాత్రి నవ్వింది. ఆ నవ్వు వినడం హైమవతికి ఇష్టం లేకపోయింది.

"అప్పుడు ఉందంది, ఇప్పుడు లేదంటోంది. నాకు నలభై వచ్చాయి నాన్నా. పోయిన నెల సాయికిరణ్ కూతురికి ఓణీలు ఇచ్చారు. పిలిస్తే వెళ్ళాను. వాళ్ళమ్మగారు నా చెయ్యి పట్టుకుని, మీ నాన్నగారు ఎంత నిజాయితీపరులో అన్నారు. ఇప్పుడేం చెయ్యమంటారు నన్ను? ఆవిడకి ఫోన్ చేసి కొత్త కంప్యూటర్ కొన్నామని చెప్పనా?"

"అది కాదమ్మా, ఆ గంట సెట్టింగు ఏదో..."

"ఆ సెట్టింగు ఎవరు పెట్టారు?"

ఆయన పెదవులు కదిలాయి. బల్లకి ఇవతలున్న హైమవతికే సగం వినపడింది.

"వినపడట్లేదు నాన్నా. ఇక్కడ మిషన్ల చప్పుడు."

ఫోనులోంచి ఏ మిషన్ చప్పుడూ రావడం లేదు.

హైమవతి టీ గ్లాసులు తియ్యడం ఆపింది. హనుమాండ్లు లేచి, ఆమెతో మెల్లగా, "నా బిడ్డది ఎన్ కొట్టి తియ్యమ్మా, నేను కింద ఉంట," అని గుమ్మం దాకా వెళ్ళాడు గానీ కిందికి దిగలేదు. మహిపాల్ సంచి జిప్పు సగంలోనే వదిలేశాడు.

"నాన్నా, డ్యూటీలో ఉన్నాను. పెట్టేస్తున్నా."

"పెట్టెయ్యకు," అన్నారు వీర్రాజు గారు. లేచి నిలబడ్డారు. కింద కళ్ళజోళ్ళ దుకాణంవాడికి కూడా వినపడేంత గట్టిగా, ఫోనుమీదకి వంగి చెప్పారు.

"ఆ రోజు చెప్పింది కంప్యూటర్ కాదమ్మా, నేను. మీ అమ్మ చూద్దామంటే చూడనివ్వలేదు. పంతులుగారు చెబితే వినలేదు. తప్పు నాది."