మాస్టరు చెప్పని సరుకు

మాస్టరుకు చేతిలో రుచి ఎంత ఉందో ముక్కు మీద కోపమూ అంతే ఉంది. ముప్ఫై ఏళ్ళు బేకరీ నడిపి, మోకాళ్ళు మొరాయించాక దాన్ని అమ్మేసి ఇంట్లో కూర్చున్నాడు గానీ, వీధిలో ఇప్పటికీ ఆయన అందరికీ మాస్టరే. ఆయన చేసిన మెత్తటి బిస్కెట్టు రుచి మరిగినవాళ్ళు ఇంకొకరి బిస్కెట్టు నోట్లో పెట్టుకుంటే మొహం అదోలా పెట్టేవారు. అందులో ఏం వేస్తాడో మాత్రం ఆయన ఎవరి చెవినా వేయలేదు. కట్టుకున్న భార్యకు చెప్పలేదు. తన బేకరీలో పన్నెండేళ్ళు పనిచేసిన సొంత బావమరిదికీ చెప్పలేదు. "నేను పోయే రోజున చెప్తాలేరా, తొందరేముంది," అనేవాడు. ఆయన వాలకం చూస్తే ఆ రోజు కూడా చెప్తాడన్న ఆశ ఎవరికీ లేదు.

ఆ బావమరిది అదే ఇంట్లో పై అంతస్తులో ఉంటాడు. బేకరీ అమ్మేశాక బడి పిల్లల బస్సు నడుపుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళి మాటెత్తితే ఆమడ దూరం పారిపోయాడు గనక అతని సంసారమల్లా ఒక కుక్క. పేరు రస్కు. రంగు అదే, దొరికిన రోజున ఎండిపోయి ఉన్న తీరూ అదేనట. బావమరిది బస్సెక్కి వెళ్ళిపోతే పొద్దస్తమానం అది కింద మాస్టరు కాళ్ళ దగ్గరే పడి ఉంటుంది. "నా ప్రాణానికి ఇదొకటి దాపురించింది," అని విసుక్కుంటూనే మాస్టరు కుర్చీ జరిపి దానికి చోటిచ్చేవాడు.

కొట్లో కొన్న కుక్క బిస్కెట్లు దానికి పడలేదు. తిన్న మర్నాడల్లా ఒళ్ళు గోక్కునేది. పశువుల డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చింది, ఇంట్లోనే చేసి పెట్టుకోమని. పెట్టదగ్గవి ఒక వైపు రాసింది: ఓట్స్, ఉడికించిన గుమ్మడి ముక్కలు, క్యారెట్టు, గుడ్డు, ఉప్పూ చక్కెరా వేయని వేరుశనగ ముద్ద. పెట్టకూడనివి రెండో వైపు: ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్టు, జాజికాయ, ద్రాక్ష, చక్కెరకు బదులు వాడే తియ్యటి పొడులు. బావమరిది ఆ కాగితం తెచ్చి, "బావా, నువ్వు చేస్తే బాగుంటుంది," అని ఊరుకున్నాడు. మాస్టరు భార్య దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

"ముప్ఫై ఏళ్ళు పిండి పిసికినవాడికి కాగితం చూసి చేసే గతి పట్టింది," అని మాస్టరు సణిగాడు. సణిగినా, రెండు వారాలు కాగితంలో ఉన్నట్టే చేశాడు.

రస్కు తిన్నది గానీ, బలవంతాన మందు మింగినట్టు తిన్నది. ఒక బిస్కెట్టు నోట కరుచుకుని సోఫా వెనక్కి వెళ్ళి, అక్కడ దించి, దాని వంక చూస్తూ కూర్చునేది. ఆకలేస్తే కొరికేది, లేకపోతే అలాగే వదిలేసేది. సోఫా జరిపినప్పుడు మాస్టరు భార్యకు ఆరు బిస్కెట్లు దొరికాయి.

"కుక్కకు నచ్చకపోతే పోయిందేముందండీ, అదేమన్నా మీకు పతకమిస్తుందా?" అని ఆమె నవ్వింది.

మాస్టరుకు ఒళ్ళు మండింది. ఊరంతా వరసలో నిలబడి కొనుక్కున్న చెయ్యి ఇది. ఈ చేత్తో చేసిన దాన్ని ఒక కుక్క సోఫా వెనక పారేస్తుందా? ఈ మాట పైకి అనలేదు. అంటే భార్య ఇంకా నవ్వుతుందని తెలుసు.

మూడో ఆదివారం పొద్దున ఆయన ఎవరికీ చెప్పని ఆ సరుకు బయటికి తీశాడు. మీకు చెప్పడానికేం, అది ఎండుద్రాక్ష. వేడి నీళ్ళలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టి, ఆ గుజ్జు పిండిలో కలిపేవాడు. అంతే. బిస్కెట్టు నాలుగు రోజులైనా మెత్తగా ఉండేది, తీపి ఎక్కడి నుంచి వచ్చిందో నాలుకకు అందేది కాదు. కాగితంలో ద్రాక్ష కూడదని ఉన్న సంగతి ఆయన చూడకపోలేదు. చూశాడు. అది పచ్చి ద్రాక్ష గురించి అనుకున్నాడు. ఒకవేళ కాకపోయినా, నానబెట్టి, రుబ్బి, నలభై నిమిషాలు కాల్చాక ఇంకా ద్రాక్ష ఎక్కడుంటుందిలే అనుకున్నాడు. ఓవెన్‌లో పడ్డాక ఏ సరుకైనా తన మాట వినాల్సిందేనని ఆయన నమ్మకం. జీవితమంతా అది నిజమైంది మరి.

రస్కు ఆ రోజు సోఫా వెనక్కి వెళ్ళలేదు. నిలబడ్డ చోటే గబగబా నమిలి, తోక ఊపి, ఇంకోటి అడిగింది. ఆయన ఇంకోటి పెట్టాడు, మరోటి పెట్టాడు. ఫోను మోగితే పళ్ళెం స్టూలు మీద వదిలేసి వెళ్ళి, తిరిగొచ్చేసరికి పళ్ళెంలో సగానికి పైగా ఖాళీ. మాస్టరు తిట్టలేదు. మురిసిపోయాడు.

మూడు గంటలు తిరగకుండా రస్కు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆ తర్వాత గచ్చుకు గడ్డం ఆనించి పడుకుంది. పిలిస్తే కళ్ళు తిప్పింది గానీ లేవలేదు. పై నుంచి బావమరిది పరుగున దిగివచ్చి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అందులో ఏం వేశారండీ?" అని అడిగింది భార్య.

"కాగితంలో ఉన్నవే," అన్నాడు మాస్టరు.

బావమరిది పాత కారు తీశాడు. మాస్టరు ముందు సీట్లో కూర్చుని రస్కును ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎప్పుడూ కిటికీలోంచి మూతి బయట పెట్టే కుక్క ఆయన మోచేతి మీద తల వాల్చేసింది.

ఆసుపత్రి గదిలో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, చిగుళ్ళు చూసి, ఒక్కొక్కటే అడిగింది. "ఉల్లిపాయ ఏమైనా పడిందా?"

"లేదండీ."

"చాక్లెట్టు? తియ్యటి పొడులు?"

"లేదండీ."

"ద్రాక్ష గానీ, ఎండుద్రాక్ష గానీ?"

ఆ రెండో మాటకు మాస్టరు పక్కకు చూశాడు. పక్కన బావమరిది నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్నది ఈ బల్ల ముందు, వీడు వింటుండగా బయట పెట్టాలా? పెడితే, కాగితం చూసి కూడా వేశానని ఒప్పుకోవాలి కదా? ఆలోచన తెమలకముందే నోరు తన పని తాను చేసేసింది.

"లేదండీ," అన్నాడు. గట్టిగానే అన్నాడు.

బావమరిది ఒక్క క్షణం ఆయన వైపు చూసి, మళ్ళీ కుక్క వైపు తిరిగాడు.

"అయితే ఎక్కువ తినడం వల్లే అయ్యుంటుంది. రాత్రికి ఏమీ పెట్టకండి. ఈ మందు పట్టండి, తగ్గకపోతే పొద్దున తీసుకురండి," అంది డాక్టరమ్మ.

తిరిగి ఇంటి దారి పట్టారు. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. రస్కు తల ఎత్తి మాస్టరు చెయ్యి నాకింది. పొద్దున బిస్కెట్టు పెట్టిన చెయ్యి అది. నాకి, అలసిపోయి, మళ్ళీ తల దించుకుంది. మాస్టరు కళ్ళు తిప్పుకున్నాడు. ఎర్ర దీపం పక్కన అంకెలు ఒక్కొక్కటే తగ్గుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఏడు దగ్గర ఉండగా, "వెనక్కి తిప్పరా," అన్నాడు.

"ఏమైంది బావా?"

"వేశాను. ఎండుద్రాక్ష. రెండు గుప్పిళ్ళు వేశాను. తిప్పు."

బావమరిది కారు తిప్పాడు.

మాస్టరు కుక్కను ఎత్తుకుని, మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయి, మెట్లెక్కి డాక్టరమ్మ ముందు నిలబడి అంతా చెప్పేశాడు. ఎంత నానబెట్టాడో, ఎలా రుబ్బాడో, దేనితో వడకట్టాడో ఆమె అడగకుండానే చెప్పాడు. ఇన్నేళ్ళు ఎందరో బతిమాలినా చెప్పనిది రెండు నిమిషాల్లో అయిపోయింది. "కాల్చితే పోతుందనుకున్నానండీ," అన్నాడు చివర.

"పోదండీ. ఎంత కాల్చినా పోదు. కిడ్నీల మీద పడుతుంది. ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో కూడా ముందుగా చెప్పలేం," అంటూ ఆమె అప్పటికే చేతులకు తొడుగులు వేసుకుంటోంది. "బిస్కెట్టు కాబట్టి ఇంకా కొంత పొట్టలోనే ఉంటుంది. ముందు అది కక్కిద్దాం. తర్వాత రెండు రోజులు సెలైను పెట్టాలి. అప్పటిదాకా ఏ మాటా ఇవ్వలేను."

ఆ రెండు రోజులూ బావమరిది సెలవు పెట్టి ఆసుపత్రి బెంచీ మీదే కూర్చున్నాడు. మాస్టరు పొద్దునా సాయంత్రం వెళ్ళేవాడు. బావమరిది జరిగి చోటిచ్చేవాడు గానీ మాట కలిపేవాడు కాదు. నాలుగు తిట్టినా బాగుండేదని మాస్టరుకు అనిపించేది. ఆయనా నోరు తెరవలేకపోయాడు. ఏ మొహం పెట్టుకుని తెరుస్తాడు? ఇంట్లో భార్య అన్నం వడ్డించి ఎదురుగా కూర్చునేది, ఒక్క మాట అనేది కాదు. ఆమె వేళాకోళం ఇంత అవసరమని ఆయనకు అప్పుడే తెలిసింది.

మూడో రోజు రక్త పరీక్ష చూసి, "కిడ్నీలు బాగున్నాయి. అదృష్టవంతురాలు," అంది డాక్టరమ్మ. రస్కు కాలికి కట్టిన పట్టీని నాకుతోంది. మాస్టరు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

బావమరిది కారులో వాళ్ళను ఇంటికి తెచ్చాడు. ఇంటి ముందు ఇంజను ఆపాక, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి అన్నాడు.

"నీ బిస్కెట్టులో ఎండుద్రాక్ష ఉంటుందని నాకు మొదటి ఏడే తెలుసు బావా."

మాస్టరు ఉలిక్కిపడ్డాడు. "ఎలా తెలుసురా?"

"పన్నెండేళ్ళు గిన్నెలు తోమింది నేనే కదా. జల్లెడకు అంటుకున్న తొక్కలు రోజూ గోటితో గీకింది నేను. అవేమిటో తెలియదా నాకు?"

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"నీకు చెప్పడం ఇష్టం లేదు. నేనెందుకు అనాలి?" స్టీరింగు మీంచి చేతులు తీశాడు. "మొన్న డాక్టరమ్మ అడిగినప్పుడు నాకు నోటిదాకా వచ్చింది. అదే వేసి ఉంటాడేమో అందామనుకున్నాను. నువ్వు లేదన్నావు. వేసి ఉంటే బావ దాచడులే, రస్కు సంగతి కదా అనుకుని ఊరుకున్నాను."

మాస్టరు ఒళ్ళో రస్కు ఆవలించింది. ఆయన దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"దాచానురా."

"దాచావు."

"తర్వాత చెప్పాను."

"ఆలస్యంగా," అన్నాడు బావమరిది. కారు దిగి ఇటు వైపు వచ్చి, కుక్కతో పాటు ఆయన దిగడానికి తలుపు తీసి పట్టుకున్నాడు.