పట్టీ రెండో కొస

...అమ్మ ఒక్కతే, పురిటి మంచమూ ఒక్కటే. మరి తనకు రానిది వాడికెలా వచ్చింది? పియానో కింది అంచు తొడకు ఒత్తుకుంటుండగా రెమో మరో మెట్టు దిగాడు. తోలుపట్టీ ఒక కొస అతని భుజం మీద, రెండో కొస పైమెట్టు మీదున్న తమ్ముడు ఎల్వియో భుజం మీద. బరువెక్కువ కిందివాడి మీదే. బ్యూనస్ ఐరిస్‌లో ఏ మేడ మెట్లమీదైనా ఎప్పుడూ కింద ఉండేది రెమోయే.

"మెల్లగా అన్నయ్యా! నన్ను పంపేయాలని అంత తొందరా?"

"నోర్మూసుకుని పట్టుకోండి, దొరగారూ."

దొరగారే మరి. జేబులో రెండు పాస్‌పోర్టులు: పుట్టిన దేశానిదొకటి, అమ్మ పుట్టిన ఇటలీది ఇంకొకటి. దరఖాస్తు ఇద్దరూ పెట్టారు. కాన్సులేట్ కిటికీ వెనక అమ్మాయి నొచ్చుకుంటూనే చెప్పింది: తల్లి వైపు నుంచి పౌరసత్వం, నలభై ఎనిమిదిలో కొత్త రాజ్యాంగం వచ్చాక పుట్టినవాళ్లకే. ఎల్వియో పుట్టింది నలభై తొమ్మిదిలో. రెమో, నలభై ఏడులో. అమ్మ భాష ఒక్క ముక్కా రాని తమ్ముడి తరఫున ఆ అమ్మాయితో మాట్లాడిందీ రెమోయే.

"అమ్మ నిన్ను ఇంకొన్నాళ్లు కడుపులోనే దాచుకోవాల్సిందిరా అన్నయ్యా," అన్నాడు ఎల్వియో బయటికొచ్చాక. ఇద్దరికీ నవ్వు రాలేదు.

బ్యాంకులు జనం డబ్బు ఇవ్వకుండా తలుపులు మూసుకున్నాక ఊళ్లో పియానోలు అమ్ముకునేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. ఇద్దరికి చాలని పని. ఒక్కడితో కాని పని. ఎల్వియోకు ఇటలీలో, జెనోవా రేవులో కొలువు దొరికింది. మధ్యాహ్నం విమానం. వాడికిదే ఆఖరి పియానో.

మెట్ల మలుపులో రెమోకు తోచింది: భుజం కాస్త సడలిస్తే చాలు, బరువంతా తన కాలి మీదికి వస్తుంది. కాలు విరిగిన అన్నను వదిలి వాడు వెళ్లడు. ఆ ఆలోచనకు అతను ఉలిక్కిపడలేదు. ఎప్పటినుంచో లోపల కూర్చుని ఉన్న మనిషి ఇప్పుడు లేచి నిలబడ్డట్టుంది, అంతే. కానీ భుజం వినలేదు. దానికి తెలిసిందొక్కటే, పియానోను పదిలంగా వీధిలోకి దించింది.

ఎల్వియో తన కొసను తల మీదుగా తీసి, పట్టీని అన్న చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉండనీ. అక్కడ అన్నిటికీ యంత్రాలేనట."

"చలికి మెడకు ఏదైనా చుట్టుకో."

"అలాగే అమ్మా," అన్నాడు ఎల్వియో. గట్టిగా కౌగిలించుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు.

రెమో షెడ్డుకు చేరేసరికి ఫోను మోగుతోంది. ఎవరో ఆవిడ. మూడో అంతస్తు నుంచి రేపు పియానో దించాలి, వస్తారా?

"వస్తాం," అన్నాడు.

ఫోను పెట్టేశాడు. తర్వాత పట్టీ తీసి తన కొస భుజానికి వేసుకుని బిగించాడు. రెండో కొస నేల మీద పడి ఉంది. దాని బకిల్ ఇంకా ఎల్వియో భుజానికి సరిపోయే రంధ్రంలోనే.