తిమింగలం గ్యారంటీ

నేను ఒక అనుమానపు పడవను. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది. కాకినాడ పక్కన ఒక రేకుల షెడ్డులో ఇద్దరు మేస్త్రీలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని నన్ను చేశారు. అచ్చులో గాజునార పరిచి, దాని మీద జిగురు పోసి, బుడగలు లేకుండా రోలరుతో రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ నార, మళ్ళీ జిగురు. ఏడు పొరలని చెప్పి ఆరు వేశారు. మనుషుల మీద నా అనుమానం ఆ షెడ్డులోనే మొదలైంది.

నన్ను కొనుక్కున్నవాడు తెడ్డు పరదేశి. భీమిలికి దక్షిణాన ఉన్న ఒక జాలరిపేట అతనిది. నా ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగాభవాని అని పేరు పెట్టాడు. పదకొండేళ్ళు వేటకు తీసుకెళ్ళాడు. పరదేశి కూడా దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఆకాశం తేటగా ఉంటే ఎందుకుందా అని చూసేవాడు. వల బరువెక్కితే చేపలనుకోడు, బండకు పట్టిందనుకుంటాడు. అందువల్ల మాకిద్దరికీ బాగా కుదిరింది.

తర్వాత అతని కుడి భుజం పడిపోయింది. వల లాగలేకపోయాడు. ఆ ఒడ్డునే కొత్తగా రిసార్టు కట్టిన విశ్వం అనే పెద్దమనిషికి నన్ను అమ్మేశాడు. అయితే మా సముద్రంలో నీళ్ళ కింద బండలెక్కడున్నాయో పరదేశికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకని విశ్వం అతన్నే డ్రైవరుగా పెట్టుకున్నాడు. తన పడవకు తానే జీతగాడయ్యాడు పరదేశి. మొదటిరోజు నా మీద కాలు పెట్టేముందు, పరాయివాళ్ళ ఇంట్లోకి వచ్చినట్టు, పాదాల ఇసుక దులుపుకున్నాడు.

విశ్వం నాకు నీలిరంగు వేయించాడు. పక్కన ఒక తిమింగలం బొమ్మ గీయించాడు. గీసినవాడు తిమింగలాన్ని ఎన్నడూ చూసినవాడు కాదు, దానికి కనురెప్పల వెంట్రుకలు కూడా పెట్టాడు. ఒడ్డున బోర్డు లేచింది: 'మీకోసమే ప్రత్యేకంగా పడవ. స్నార్కెలింగ్. తిమింగలం గ్యారంటీ.'

పరదేశి ఆ బోర్డు చదివించుకుని విశ్వం దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, నాను ముప్పై ఏళ్ళు ఏట సేసేను. రెండంటే రెండుసార్లు సూసేను. గేరంటీ ఏటండి?"

"సముద్రంలో తిమింగలాలు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరింకేం? ఉన్నాయని గ్యారంటీ. కనిపిస్తాయని నేనెక్కడ రాశాను?"

ఏడాదిన్నర పాటు నా మీద ఎక్కినవాళ్ళెవరికీ తిమింగలం కనిపించలేదు. కొందరు డాల్ఫిన్ వీపు చూసి అదేననుకుని సంబరపడ్డారు. పరదేశి కాదనలేదు, అవుననీ అనలేదు. గొంతు సవరించుకుని ఇంజను వైపు తిరిగేవాడు.

ఒక జనవరి పొద్దున, నీళ్ళు అద్దంలా ఉన్న రోజున, ఒక జంట వచ్చింది. ఆయన పేరు సోమసుందరం. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై మూడేళ్ళు కాటాల కింద అంటించిన చింతపండు ముద్దలు, అడుగు లోపలికి నొక్కిన లీటరు కొలతలు పట్టుకున్న మనిషి. లోకమంతా నాలుగు గ్రాములు తక్కువ తూస్తుందన్నది ఆయన నమ్మకం. ఆమె పేరు హైమావతి. గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టి, చిన్నప్పుడు ఏటికి అడ్డంగా ఈదిన మనిషి. పెళ్ళయ్యాక ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈదింది లేదు. ఆ మధ్య రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను జరిగిందట. కట్లు విప్పిన డాక్టరు సరదాకి, "ఇప్పుడేం చూడాలనుందమ్మా?" అని అడిగితే, "తిమింగలం" అందట. డాక్టరు నవ్వాడు. ఈయన నవ్వలేదు. ఆర్నెల్లు ఆలోచించి, ఇక్కడికి తీసుకొచ్చాడు.

ఇదంతా ఆమె పరదేశితో చెబుతుంటే విన్నాను. ఆయన అప్పటికే తనిఖీలో ఉన్నాడు. నా అంచు మీద వేళ్ళతో కొట్టి చప్పుడు విన్నాడు. ఇంజను మూత తెరిపించాడు. లైఫ్ జాకెట్ చేత్తో తూచి చూశాడు.

"ఇందులో ఉన్నది అసలు సరుకేనా? బకిల్ జారుతోందే."

"జారదు బాబూ. అందరూ అదే ఏసుకుంతారు."

"అందరూ వేసుకున్నదే నాకు అనుమానం."

నోట్లో పెట్టుకుని, నీళ్ళ మీద బోర్లా తేలుతూ గాలి పీల్చుకునే పసుపుపచ్చ గొట్టం ఒకటుంది. దాన్ని ఆయన డెట్టాలుతో మూడుసార్లు కడిగాడు. తర్వాత బోర్డు వైపు చూసి, "గ్యారంటీ అన్నారు. రాకపోతే ఎవరు పూచీ?" అన్నాడు. పరదేశి గొంతు సవరించుకున్నాడు.

ముప్పావుగంట ప్రయాణం చేసి బండల దగ్గర లంగరు వేశాం. కింద రాళ్ళూ, వాటి మధ్య చారల చేపలూ పైకే కనిపిస్తున్నాయి. హైమావతి చీర తీసి మడిచిపెట్టింది. లోపల ముందే సల్వారు కమీజు వేసుకుని వచ్చింది. ఆయన తీసెయ్యమంటే చేతులకున్న గాజులు ఒక్కొక్కటే తీసి మొగుడికిచ్చింది. మెళ్ళో గొలుసు కూడా తీసిచ్చింది. ఆయన అన్నీ జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకుని, పరదేశిని అడిగాడు.

"నేను దిగను. ఇక్కడ లోతెంత?"

"ఇక్కడ రెండు బారలు బాబూ. ఆ పక్కకెల్తే పదిహేను."

"ఆ పక్కకు మనిషి కొట్టుకుపోతే దొరుకుతుందా?"

పరదేశి ఆయన మొహంలోకి చూశాడు. "ఎందుకండి?"

"అడిగినదానికి చెప్పు. ఇంతకుముందు ఎవరైనా పోయారా?"

"నా సేతిలో ఎవరూ పోలేదు."

ఆ మాట పరదేశి కాస్త గట్టిగానే అన్నాడు. అతని అనుమానం నాకర్థమైంది. నా వెనక చెక్క మీద కూర్చున్నవాడి మనసు నా అడుగుదాకా తెలుస్తుంది. నగలు ఒలిపించాడు. లోతు అడిగాడు. శవం దొరుకుతుందా అని అడిగాడు. తను నీళ్ళలోకి దిగనన్నాడు. నాకూ అదే తోచింది. నేను మనుషుల్ని మోసిన పడవను, వాళ్ళ గురించి మంచి ఊహలు అంత తొందరగా రావు నాకు.

"అమ్మా," అన్నాడు పరదేశి, ఆమె అంచు మీద కూర్చోగానే, "మీకు దిగాలనుంతేనే దిగండి. లేకపోతే మానీయండి. ఎవరి కోసమూ దిగక్కర్లేదు. నానున్నాను."

ఆమెకు ఆ మాట వెనక సంగతి తెలియదు. నవ్వి, అద్దాలు కళ్ళకు దిగేసుకుని, పిల్లలా ధబీమని దూకింది.

కాసేపు బాగానే గడిచింది. ఆమె బోర్లా తేలుతూ నా చుట్టూ తిరుగుతోంది. నారింజరంగు జాకెట్టు, పసుపుపచ్చ గొట్టం కొస మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. సోమసుందరం నా అంచు రెండు చేతులతో పట్టుకుని ఆ గొట్టం వైపే చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు. పరదేశి ఆయన వైపు చూస్తున్నాడు. నేను ముగ్గురినీ కనిపెడుతున్నాను.

"ఎండలో అలా సూత్తే కళ్ళు పోతాయండి. కూకోండి," అన్నాడు పరదేశి.

"నా కళ్ళ సంగతి నీకెందుకు?"

అప్పుడు వచ్చింది అది.

ముందు నాకే తెలిసింది. నా కింద నీళ్ళు ఒక్కసారి బరువెక్కాయి, పెద్ద గదిలో ఎవరో తలుపు మూసినట్టు. తర్వాత కుడివైపు, నా పొడవుకు నాలుగింతల దూరంలో, నల్లటి వీపు లేచింది. లేస్తూనే ఉంది. ఇక అయిపోతుందనుకుంటే ఇంకా ఉంది. ఫూ అని నీటి ఆవిరి చిమ్మింది. ఉప్పువాసన, పాతచేపల వాసన కలిసి మా మీద పడ్డాయి.

"తల్లీ గంగమ్మా!" అని పరదేశి లేచి నిలబడ్డాడు. అతని జన్మలో మూడోసారి. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఒక క్షణమే. వెంటనే ఆమె గుర్తొచ్చింది. చూస్తే, నారింజరంగు జాకెట్టు దూరంగా, ఆ వీపు వైపే కొట్టుకుపోతోంది.

"అమ్మ అటెల్లిపోతంది!" అని అరిచి లంగరు తాడు విప్పి పారేశాడు. ఇంజను దగ్గరికి ఉరికి, మంచి చేత్తో తాడు లాగాడు. అంటుకోలేదు.

ఆమె అటు వెళ్ళలేదు. నా కిందనే ఉంది. బకిల్ జారి జాకెట్టు ఎప్పుడో ఊడిపోయింది. ఆమె అది పట్టించుకోలేదు. చిన్నప్పుడు గోదాట్లో మునిగినట్టే గాలి పీల్చుకుని మునిగి, తిమింగలం వచ్చిన వైపుకు నా కిందుగా ఈదుతోంది. తల తగలకుండా ఒక చెయ్యి పైకెత్తి నా అడుగును ఆనుకుంది. ఆ అరచెయ్యి నాకు తెలుస్తోంది. ఇంజను అంటుకుంటే తిరిగే రెక్కకు అది మూరెడు దూరం కూడా లేదు.

నాకు నోరుంటే ఆ రోజు అరిచేదాన్ని. మనుషుల గురించి ఇన్నేళ్ళు ఇన్ని అనుకున్నాను గానీ, ఒక్కటీ పైకి చెప్పలేని జన్మ అని అంత బాధపడింది అప్పుడే. ఊగాను. అదే నాకొచ్చిన భాష. పడవ ఊగితే ఎవరికి ఏం అర్థమవుతుంది?

పరదేశి రెండోసారి తాడు చుట్టాడు.

"ఆపు!"

సోమసుందరం నా ఈ కొస నుంచి ఆ కొసకు, మోకాళ్ళ మీద పడుతూ లేస్తూ వచ్చి, పరదేశి మణికట్టు పట్టుకున్నాడు. మెలితిప్పి పట్టుకున్నాడు.

"ఒగ్గు బాబూ! అమ్మ కొట్టుకుపోతంది! ఒగ్గు!"

"అది వట్టి జాకెట్టురా! మనిషి లేదు అందులో! మనిషి కింద ఉంది. పడవ కింద ఉంది. ఎడంపక్కన మునిగింది, నేను చూశాను. ఇంకా తేలలేదు. ఆపు!"

"మీరు..." అని పరదేశి ఆయన కళ్ళలోకి చూశాడు. ఆ క్షణంలో ఎవరిని నమ్మాలో అతనికి తెలియదు. దూరంగా జాకెట్టు కనిపిస్తోంది. దగ్గరగా, తాను పొద్దుట్నుంచీ శంకిస్తున్న మనిషి, ఇంజను వేయొద్దని చెయ్యి విరిచి పట్టుకున్నాడు. నిజానికి అతని అనుమానమంతా నిజమే అనిపించాల్సిన ఘడియ అది. కానీ ఆయన చూపు జాకెట్టు మీద లేదు, నా అంచు పక్క నీళ్ళను వెతుకుతోంది. పరదేశి తాడు వదిలేశాడు.

నా కుడిపక్కన పసుపుపచ్చ గొట్టం పైకి లేచి, బుస్సుమని నీళ్ళు చిమ్మింది. దాని వెనక హైమావతి తల. గొట్టం నోట్లోంచి లాగేసి, "ఏమండీ! చూశారా? ఏమండీ!" అని అరిచింది.

ఇద్దరూ కలిసి ఆమెను పైకి లాగారు. పరదేశి పాడైన భుజంతోనే లాగాడు. ఆమె నా అడుగున వెల్లకిలా పడి రొప్పుతూ, నవ్వుతూ, ఏడుస్తూ చెప్పింది. "దానికి కన్నుందండీ. ఇంత చిన్న కన్ను. నా వైపు చూసిందండీ. అంత పెద్ద ఒంటికి అంత చిన్న కన్నేమిటో! మీరు చూశారా?"

సోమసుందరం తువ్వాలుతో ఆమె తల తుడుస్తున్నాడు. గట్టిగా, కోపంగా తుడుస్తున్నాడు.

"లేదు."

"అయ్యో! పక్కనే వచ్చిందండీ! కొండలా వచ్చింది! పరదేశీ, నువ్వు చూశావు కదూ?"

"సూసేనమ్మా."

"మరి మీరేం చూస్తున్నారు?"

"నీ గొట్టం."

ఆమె నవ్వబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

పరదేశి ఇంజను రెక్కను నీళ్ళలోంచి పైకెత్తి, దాని అంచును వేలితో తడిమాడు. దించకుండా అలాగే కూర్చున్నాడు.

"బాబూ," అన్నాడు చివరికి, "రెండో లాగుడికి అంటుకునీది. ఎప్పుడూ రెండో లాగుడికే అంటుకుంటాది."

సోమసుందరం తువ్వాలు పిండాడు.

"ఇంకోటి సెప్పాలి. సెప్పకపోతే నాకు నిద్దర పట్టదు. పొద్దుట్నుంచీ నాను మిమ్మల్ని వేరేగా అనుకున్నాను. నగలు తీయించేరు, లోతడిగేరు... ఈ బాబు అమ్మని ఏటో సేసేత్తాడని అనుకున్నాను."

హైమావతి లేచి కూర్చుంది. ఆమె మొగుడు పరదేశిని చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"మంచి పని చేశావు," అన్నాడు. "నేనూ నిన్ను దొంగవనే అనుకున్నాను."

తర్వాత జేబు గుండీ విప్పి, గాజులు తీసి, లెక్కపెట్టి మరీ ఆమెకిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె ఆ కన్ను గురించే చెబుతూ వచ్చింది. ఆయన వింటూ, మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు. కన్ను ఏ రంగు? నీళ్ళలో దూరం తెలియదు కదా, దగ్గరకొచ్చిందని ఎలా అనుకున్నావు? పెద్ద సొరచేప కావచ్చు కదా? ఒడ్డు చేరేసరికి తీర్పు చెప్పేశాడు: తిమింగలం వచ్చిందనడానికి ఇద్దరి నోటిమాట తప్ప రుజువు లేదు. ఒకరిది కొత్త కన్ను. ఇంకొకరు బోర్డు పెట్టినవాళ్ళ మనిషి.

ఆ సాయంత్రం పరదేశి పాత జాకెట్లన్నీ పోగేసి నిప్పంటించాడు. విశ్వం అరిచాడు. పరదేశి ఇంకో జాకెట్టు మంటలో వేశాడు. ఆ తర్వాత ఎవరు నీళ్ళలో ఉన్నా ఇంజను తాడు విప్పి తన మెడలో వేసుకుని కూర్చునేవాడు.

నాకు ఆ వానాకాలమే నడుం దగ్గర చీలిక పడింది. రెండుసార్లు అతుకేశారు. మూడోసారి వద్దనుకున్నారు. ఇప్పుడు రిసార్టు గోడ పక్కన బోర్లా పడి ఉన్నాను. వీపు మీద పరదేశి భార్య నెత్తళ్ళ చేపలు ఎండబెడుతుంది. నా స్థానంలో తెల్లటి కొత్త పడవ వచ్చింది. అది ఇంకా అందరినీ నమ్ముతుంది.

మొన్న జనవరిలో ఆ జంట మళ్ళీ వచ్చింది. ఈసారి గొట్టం ఆయన పెట్టుకున్నాడు. అరవై ఆరేళ్ళ వయసులో, ఆర్నెల్లు మునిసిపల్ కొలనులో ఈత నేర్చుకుని వచ్చాడట. "ఈసారి నేను చూస్తాను. నువ్వు నన్ను చూస్తుండు," అని ఆమెతో అంటూ నా పక్కనుంచే వెళ్ళాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. తడి బట్టలతో, వణుకుతూ, ఆయన నా మీద చెయ్యి ఆనించి కాళ్ళ ఇసుక దులుపుకున్నాడు. మూడు గంటలు నీళ్ళలో ఉన్నాడట. ఏమీ రాలేదు.

"చెప్పానా?" అన్నాడు పరదేశితో, గెలిచినవాడిలా. "లేదు. ఏమీ లేదు. అంతా ఒట్టిది."

"అలాగే బాబూ," అన్నాడు పరదేశి.

ఆయన రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"రేపు ఎన్నింటికి బయల్దేరదాం?"