ఫ్లోరమ్మ ఊడ్చిన మాటలు

ఫ్లోరమ్మ రోజూ పొద్దున తొమ్మిదికి షాపు తీసి, కంప్యూటర్ మీది గుడ్డ మడిచిపెట్టి, గుమ్మం ఊడ్చుకునేది. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి దారిలో ఆమెది పాత టైపింగ్ షాపు. వ్యాపారస్తులకు ఉత్తరాలు రాసిపెట్టడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. ఉత్తరం రాసి దులిపితే అక్కర్లేని మాటలు రాలిపోతాయని ఊళ్లో అందరికీ తెలిసిందే. "తమ దివ్య సముఖమునకు", "పై విషయమును పురస్కరించుకొని" లాంటివి టమోటా తొడిమల్లా నేలమీద పడేవి. పూటకొక చేటెడు.

ఎదురుగా రబియా షాపు. పెట్టి రెండేళ్లు కాలేదు. ఆ పిల్ల రాసిన కాగితం ఎంత దులిపినా ఒక్క పొల్లు కూడా రాలదు. జనం రెండు గుమ్మాలూ చూసి, ఆ తర్వాతే ఎక్కడ చెప్పులు విడవాలో తేల్చుకునేవాళ్లు.

"ఏమప్పా, ఆయమ్మి యాడ నేర్చుకునిందో! సరుకుండాది, రేటింత, ఎప్పుడు పంపాల... అంతేనంట ఉత్తరం. మర్యాద లేదా, మన్నన లేదా?" అంది ఫ్లోరమ్మ పక్క టీకొట్టు సాల్మన్ రాజుతో.

"మర్యాదంతా నీ గుమ్మంలోనే పడుండాది గదమ్మా. కాలు జారతాండాది."

ఆ మాట ఆమెకు రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు.

అంతలో పట్టుచీరల సంఘం వాళ్లు ఏడాది పొడుగునా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు రాసేందుకు ఒక మనిషిని వెతుకుతున్నారని తెలిసింది. కార్యదర్శి మునిస్వామి సోమవారం వచ్చి, గుమ్మాలు చూసి తేలుస్తానన్నాడు. ఆ పని రాకపోతే షాపు మూయక తప్పదు. కుప్పంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు బీనాకు ఫ్లోరమ్మ ఆ సంగతి చెప్పలేదు. రోజూ చెప్పేవి వేరే. "బీనమ్మా తిన్నావా, బీనమ్మా కాచిన నీళ్లే తాగు, బీనమ్మా గడియ వేసుకున్నావా..." పంపించగానే సగం మాటలు ఫోన్లోంచి రాలి ఒళ్లో పడేవి. వాటినీ అదే చేటలోకి ఎత్తేది.

సోమవారం ఎవరూ రాకముందే ఆమె వచ్చింది. వారం రోజుల చెత్త సంచిలో ఉంది. ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పే మనిషి, దారి దాటి, రబియా గుమ్మంలో ఆ సంచి బోర్లించి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

రబియా వచ్చి గుమ్మం చూసి నిలబడిపోయింది. పొరక తీసుకుంది గానీ ఊడవలేదు. కింద కూర్చుని ఏవో ఏరింది. కాసేపటికి దోసిలి పట్టుకుని దారి దాటి వచ్చింది.

"అక్కా, కడమవి నేను ఎత్తేస్తాలే. ఇవి మాత్రం పెట్టుకో. బిడ్డ పేరు గదా, తొక్కేదానికి కాలు రాలా."

దోసిట్లో అన్నీ "బీనమ్మా"లే. ముప్పయ్యో నలభయ్యో.

ఫ్లోరమ్మ కొంగు పట్టింది. అప్పుడే మునిస్వామి స్కూటర్ ఆగింది.

"ఏందమ్మా రబియా, నువ్వు గూడా ఇంతేనా?" అన్నాడు రబియా గుమ్మం చూసి. రబియా తల వంచుకుంది తప్ప ఫ్లోరమ్మ వైపు చెయ్యి చూపలేదు.

ఫ్లోరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు నిమిషాల్లో కాగితం తెచ్చి ఆయనకిచ్చింది.

"ఆ గుమ్మంలో మాటలు నావి. ఓర్వలేక నేనే పోశాను. పని రబియాకు ఇవ్వండి. ఫ్లోరా."

మునిస్వామి కాగితం దులిపాడు. మళ్లీ దులిపాడు. ముగ్గురూ నేల చూశారు. ఏమీ పడలేదు.

"పని రబియాకే," అన్నాడాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. ఆమె వైపు తిరిగి, "ఫ్లోరమ్మా, పుంగనూరు షాపుకు పెండ్లిచీరలు అంచు రంగు మార్చి పంపినాము. తప్పు మాదే. ఎట్ల సెప్పాల్నో తెలీక నెల దినాలుగా నోరు మూసుకోనుండాము. ఆ ఉత్తరం నువ్వు రాసిస్తావా?"

రాసింది. దాంట్లోనూ ఏమీ రాలలేదు. అప్పట్నుంచి సరుకు అమ్ముకోవాలన్నవాళ్లు రబియా దగ్గరికి, తప్పు ఒప్పుకోవాలన్నవాళ్లు ఫ్లోరమ్మ దగ్గరికి. సోమల నుంచి, నిమ్మనపల్లె నుంచి కూడా బస్సెక్కి వస్తున్నారు. షాపు మూసే మాటే లేదు.

ఇప్పటికీ పొద్దున ఆమె చూపు ముందు ఎదురు గుమ్మం మీదికే పోతుంది. అది అద్దంలా ఉంటే కడుపులో కాస్త మండుతుంది. బీనాకు మెసేజ్ పెట్టాక ఒళ్లో రాలిన పేర్లను మాత్రం ఇప్పుడు ఊడవదు, సొరుగులో వేస్తుంది. సొరుగు నిండిపోయిందని తెలిసి మొన్న రబియా ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చిచ్చింది. ఆ డబ్బా తన ఇంట్లో ఉన్న అన్ని డబ్బాలకంటే అందంగా ఉండటం కూడా ఫ్లోరమ్మకు కొంచెం మండింది.