తెరచాప మీద ఫోన్ నెంబరు

గుమ్మాలకి కట్టిన దసరా మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండకముందే అమీర్‌పేటలో కొత్త బ్యాచ్‌ల హడావిడి మొదలైపోయింది. ఆ హడావిడిలో చక్రపాణి గారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చిన మొదటి ఫోను మాత్రం కోర్సు గురించి కాదు.

రిసెప్షన్‌లో కూర్చునే హరిణి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గాజు తలుపు లోంచి తొంగిచూసింది.

"సార్, చిన్నగంజాం నుంచి ఎవరో చేసిండ్రు. మీ పడవ మస్తుగ పోతుందంట. దాని మీద మీ ఫోటో సుత ఉందంట. ఏం చెప్పాలె?"

చక్రపాణి కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఆయనకి పడవ లేదు. ఒక పాత కారుంది, దాన్ని కూడా పార్కింగ్ దొరకదని బయటికి తియ్యడు. అయినా అది ఏ పడవో ఆయనకి తెలియంది కాదు. ఫోను అందుకున్నాడు.

"టై కట్టుకున్నాయన మీరేనా అండీ?" అవతల మనిషి ఉత్సాహంగా ఉన్నాడు. "కాలవలో మీ బొమ్మేసుకుని పడవ పోతా ఉంది. ఇద్దరున్నారు. కేకేస్తే చెయ్యి ఊపారు. చాప మీద నెంబరు కనపడిందని చేశా. ఏంది సార్, సినిమానా?"

"సినిమా కాదు. ఎటు పోతోంది?"

"దక్షిణానికి. గాలి బాగుంది లెండి, జోరుగా పోతన్నారు."

ఫోను పెట్టేశాక చక్రపాణి చాలాసేపు కంప్యూటర్ తెర వంక చూస్తూ కూర్చున్నాడు. అందులో ఏముందో అడిగితే చెప్పలేకపోయేవాడు.

పడవ కృపావరానిది. కృపావరం పంజాగుట్టలో ఫ్లెక్సులు ప్రింటు చేస్తాడు. ఇద్దరిదీ పెదగంజాం దగ్గర కాలవ గట్టున ఒకే ఊరు. ఒకే బడి, ఒకే బెంచీ. పొట్ట చేతపట్టుకుని హైదరాబాదు వచ్చింది కూడా ఒకే రైల్లో. చక్రపాణి టైపు మిషన్లు పెట్టుకుంటే గోడల మీద ఆయన పేరూ ఈ నెంబరూ రాసిపెట్టింది కృపావరమే. టైపు పోయి కంప్యూటర్ వచ్చింది, కుంచె పోయి ఫ్లెక్సు వచ్చింది, నెంబరు మాత్రం అదే ఉండిపోయింది.

కృపావరం తండ్రి బకింగ్‌హాం కాలవలో పడవ సరంగు. సరుగుడు కట్టెలు, ఉప్పు వేసుకుని మద్రాసు దాకా వెళ్లొచ్చేవాడు. ఒక దసరా సెలవుల్లో ఇద్దరు పిల్లల్నీ నెల్లూరు దాకా పడవెక్కించుకున్నాడు. వాన వెలిసిన ఆకాశం, వెనకనించి తోసే ఈశాన్యం గాలి, ఒక పక్క ఇసక దిబ్బల అవతల సముద్రం హోరు. గాలి పడిపోయినప్పుడు పిల్లలిద్దరూ గట్టు మీదికి దూకి తాడు భుజాన వేసుకుని పడవ లాగారు. "చుక్కాని దగ్గర ఒకడు, చాప తాడు దగ్గర ఒకడు" అనేవాడు సరంగు. "ఇద్దరు లేనిదే ఈ కాలవలో చాప ఎత్తకూడదురా. ఇరుకు దారి. గాలి తిరిగిందంటే తాడు వదిలేవాడు లేక గట్టుకి కొట్టుకుంటాం."

పెద్దయ్యాక మళ్లీ వెళ్దామనుకున్నారు. ఈసారి చివరి దాకా, పులికాట్ దాకా. ఏటా వానలు వెనకబట్టేసరికి కృపావరం "ఏరా?" అనేవాడు. ఏటా చక్రపాణి "ఈ బ్యాచ్ అయిపోనీ" అనేవాడు. కాలవే పూడిపోతూ వచ్చింది గానీ బ్యాచ్‌లు అయిపోలేదు.

ఈ ఏడు కృపావరం అడగలేదు. ఊళ్లో ఒక చిన్న ఫైబర్ పడవ కొని బాగుచేయించాడు. షామియానాలు కుట్టేవాడి చేత పాత ఫ్లెక్సులన్నీ కలిపి తెరచాప కుట్టించాడు. దాన్ని పంజాగుట్ట షాపులో నేల మీద పరిచి చూపించిన రోజు చక్రపాణి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చాప నిండా తన మొహమే! మెడలో టై, పక్కన 'జావా, పైథాన్, కొత్త బ్యాచ్ ప్రారంభం', కింద బారెడు అంకెలతో ఫోన్ నెంబరు.

"అమీర్‌పేట ఎండకీ వానకీ ఆగిన మొహంరా ఇది. ఉప్పుగాలికి ఆగదా?" అన్నాడు కృపావరం.

ఆ ఊపులో చక్రపాణి ఒప్పేసుకున్నాడు. ఎండ టోపీ కూడా కొన్నాడు. తీరా రైలెక్కాల్సిన సాయంత్రం, అవతలివాడు స్టేషన్లో ఎదురుచూస్తుండగా, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు: 'ఈ ఒక్క బ్యాచ్ అయిపోనీరా. వచ్చే ఏడు తప్పకుండా.' చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు.

బ్యాచ్ అనేది ఒట్టి సాకు. పాఠాలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, లెక్కలు హరిణి చూసుకుంటుంది. తను కుర్చీ దిగితే ఇన్‌స్టిట్యూట్ నడవదని ఆయన అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. దిగాక కూడా నడిచేస్తే? ఆ భయం ఆయన్ని కుర్చీకి కట్టేసింది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా గట్టిగా అనుకోలేదు.

ఆ తర్వాత ఫోన్లు వరస కట్టాయి. వంతెన కింద దూరడానికి తెరచాప కొయ్య దించుతున్నారని ఒకరు. పూడిక దగ్గర నలుగురం పట్టి అవతలికి మోశాం, టీకి డబ్బులిస్తే వద్దన్నామని ఒకరు. రొయ్యల చెరువు కాపలావాడైతే "ఆ బొమ్మలో ఉన్నాయన పడవలో లేడే, ఎందుకని?" అని అడిగాడు.

మొదట్లో ఒళ్లు మండింది. తనని రచ్చకీడ్చడానికే కృపావరం ఈ నెంబరు ఉంచాడనుకున్నాడు. రానురాను చెవులు ఫోను మీదే ఉండేవి. హరిణి గొంతు మారితే చాలు, లేచి వెళ్లి తనే అందుకునేవాడు. నీళ్లు ఎంత లోతున్నాయి, గాలి ఏ వైపుది, గట్టు మీద సరుగుడు తోపు ఇంకా ఉందా అని ఆరా తీసేవాడు. బయట మెట్రో స్తంభాల కింద పిల్లలు సంచులు తగిలించుకుని హాస్టళ్లకీ క్లాసులకీ పరిగెడుతుంటే, ఆయన మాత్రం లోపల కూర్చుని దక్షిణానికి పోతుండేవాడు.

అలాంటి రోజుల్లో ఒకసారి కరీంనగర్ నుంచి ఒక పెద్దమనిషి కొడుకుని చేర్పించడానికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చక్రపాణి ప్లేస్‌మెంట్ల గురించి గంభీరంగా చెబుతుండగా హరిణి తలుపు తీసింది.

"సార్, కొత్తపట్నం కాడి నుంచి ఫోను. వెంబడి ఉన్న పోరడు దిగి ఇంటికి పోయిండంట. పడవల ఇప్పుడు పెద్దాయన ఒక్కడే ఉన్నడంట. చాప దించి గడ వేసుకుంట పోతుండంట. మీ ఫోటో కింద పరుచుకుని కూసున్నడంట సార్."

పెద్దమనిషి కొడుకు కిసుక్కున నవ్వాడు. తండ్రి కూడా నవ్వాపుకోలేక, "ఏంది సార్, మీకు పడవల బిజినెస్ సుత ఉన్నదా?" అన్నాడు.

నవ్వు కంటే ఎక్కువగా గుచ్చుకున్నది 'ఒక్కడే' అన్న మాట. కానీ కోపం హరిణి మీదికి పోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?" అని అరిచాడు. నిజానికి అంతకుముందు ఒక్కసారి కూడా చెప్పలేదు. "ఆ పడవకీ మనకీ ఏం సంబంధం లేదు. ఇకనించి ఎవరు చేసినా అదే చెప్పి పెట్టెయ్. నాదాకా తేవద్దు!"

హరిణి మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆ రోజునుంచీ పడవ కబురు ఆగిపోయింది.

రెండు రోజులు పరువు నిలబడిందనుకున్నాడు. తర్వాత అన్నం సయించలేదు. కాలవ గట్లు ఆయన మనసులో కొత్తపట్నం దగ్గరే నిలిచిపోయాయి. హరిణిని అడుగుదామంటే అంత అరిచి ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఇంతలో టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. చక్రపాణి ఇక కూర్చోలేకపోయాడు. మధ్యాహ్నం ఎండలో చెప్పాపెట్టకుండా లేచి, మెట్రో నీడన పంజాగుట్ట దాకా నడిచాడు.

ఫ్లెక్సు షాపులో కృపావరం భార్య జీవమణి మిషన్ దగ్గర నిలబడి ఏదో పుట్టినరోజు బ్యానర్ చుట్టచుడుతోంది. ఆయన్ని చూసి ముఖం విప్పారింది.

"రండి అన్నయ్యగారూ! మీరే వచ్చారు. ఏమంటున్నారు ఆయన? ఎక్కడిదాకా వెళ్లారంట?"

చక్రపాణి తెల్లబోయాడు. "నన్నడుగుతావేంటమ్మా? నీకు ఫోన్ చెయ్యలేదా?"

"ఇంకెక్కడి ఫోను! మొదట్లోనే కాలవలో పడేసుకున్నారు. మా అక్క కొడుకు నేతన్, పడవలో తోడెళ్లినవాడు, ఒంగోలు ఇంటికొచ్చాక ఫోన్లో చెప్పాడు. నేను భయపడుతుంటే వాడు నవ్వాడు. 'పిన్నీ, బాబాయికి దిగులేం లేదు, ఏదన్నా అయితే చక్రపాణి గారికి తెలుస్తుంది, నెంబరు చాప మీదే ఉంది కదా అంటున్నాడు' అని." ఆమె చుట్టిన బ్యానర్ గోడకి ఆనించింది. "నాతోనూ అదే అన్నారు బయల్దేరేముందు. గట్టు మీద ఎవరు చూసినా వాడికి కబురు అందుతుంది మణీ, వాడు రాకపోయినా నేను వాడి కళ్ల ముందే ఉంటాను అని. అందుకే నేను ధైర్యంగా ఉన్నాను. మీకు రోజూ కబుర్లు వస్తున్నాయి కదా?"

"వస్తున్నాయమ్మా" అన్నాడు చక్రపాణి. అంతకంటే పెద్ద అబద్ధం ఆయన జన్మలో ఆడలేదు. ఆమె పెట్టిన టీ సగం తాగి, పని ఉందని చెప్పి ఆటో ఎక్కేశాడు. రచ్చకీడ్చడానికి కాదు, నమ్మి పెట్టుకున్న నెంబరు. దారి పొడుగునా అదే మాట ఆయన్ని తినేసింది.

ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెడుతూనే హరిణి బల్ల ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పడవ గురించి మళ్లీ ఎవరన్నా చేశారా?"

హరిణి బెదురుగా చూసింది. "చేసిండ్రు సార్. నలుగురైదుగురు. మీరు చెప్పినట్టే చెప్పి పెట్టేసిన."

"ఎవరెవరు?"

"ఆఖరికి చేసినాయనైతే..." ఆమె ఆగింది. "గా పడవ నాదే బిడ్డా, చక్రపాణికి ఇయ్యి అన్నడు. మీరు ఇయ్యొద్దన్నరు గద సార్. అయితే జర చెప్పు, పాకల దాటినంక పాత లాకు కాడ ఆగిన, ఒక్కడితోని చాప లెవ్వదు, ఆదివారం దాంక చూస్తా అని చెప్పు అన్నడు."

"నువ్వేమన్నావు?"

"ఆ పడవకీ మాకూ ఏం సంబంధం లేదు సార్ అన్న."

"దానికి ఏమన్నాడు?"

"మీ సారే అన్నడా గా మాట అని అడిగిండు. అవునన్న. సరే బిడ్డా, మంచిగుండు అని పెట్టేసిండు." హరిణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకేం ఎరుక సార్, గాయన మీ దోస్తని?"

ఆదివారం వెళ్లి అప్పటికి రెండు రోజులు. చక్రపాణి ఆ నెంబరు వెతికి ఇమ్మన్నాడు. ఆమే కలిపి ఇచ్చింది.

ఎత్తింది ఒక ఆడమనిషి. లాకు దగ్గర టీకొట్టు ఆమెది.

"ఆ పెద్దాయనా? ఇయ్యాల పొద్దున పోయాడు కదయ్యా. ఆదివారం దాకా అన్నాడు, సోమారం కూడా చూశాడు. బస్సు ఆగినప్పుడల్లా రోడ్డు మీదికి వచ్చి నిలబడేవాడు."

"ఒక్కడే వెళ్లాడా అమ్మా? గాలీ వానా అంటున్నారే..."

"లేదయ్యా, మా తమ్ముడు ఎక్కాడు. వస్తావా అని అడిగాడు, వీడు చెప్పులేసుకుని ఎక్కేశాడు. ఆ పులికాట్ ఏందో చూసొస్తాడంట. వానకి భయం లేదు, ఎక్కడ ఆగాలో వాడికి తెలుసు."

అడగ్గానే చెప్పులేసుకుని ఎక్కేశాడు. ఆ మాట చక్రపాణి చెంప మీద కొట్టినట్టే తగిలింది. తను కొన్న ఎండ టోపీ బీరువా మీద ధర చీటీతో సహా అలాగే ఉంది.

"పోనీ ఏ ఊళ్లో ఆగుతారో చెప్పాడా? నేను బయల్దేరి వస్తాను. దారిలో చాప చూసి ఎవరన్నా చెబుతారు, దాని మీద నా బొమ్మ..."

"బొమ్మ లేదయ్యా ఇప్పుడు" అంది ఆమె. "నిన్న సాయంత్రం మా వాళ్ల దగ్గర పడవలకేసే తెల్ల రంగు అడిగి తీసుకున్నాడు. చాప ఇసకలో పరిచి, కూర్చుని, మొత్తం పూసేశాడు. మంచి పనోడల్లే ఉన్నాడు, ఒక్క అంకె కూడా కనపడలా. అంత బాగున్న బొమ్మ ఎందుకయ్యా పాడు చేస్తావు అంటే, 'ఈ పడవకీ వాళ్లకీ సంబంధం లేదంటమ్మా, సంబంధం లేనోళ్ల నెంబరు పెట్టుకుని తిరగడం తప్పు కదా' అన్నాడు. ఇంతకీ మీరెవరు?"

ఎవరినని చెప్పాలి? తన పేరు మొదటిసారి గోడ మీద రాసిన చెయ్యే దాన్ని చెరిపేసిందని ఆ టీకొట్టు ఆమెకి ఎలా చెబుతాడు? అవతల ఆమె రెండుసార్లు హలో అని పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆయన లోపలి గదిలోకి వెళ్లలేదు. హరిణిని ఇంటికి పంపేసి, ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే కూర్చున్నాడు. లోపల క్లాసులు ఆయన లేకుండా మామూలుగానే జరిగిపోయాయి, ఎవరూ ఆయన కోసం వెతకలేదు.

ఫోను మోగినప్పుడల్లా మొదటి గంటకే అందుకుంటున్నాడు.

"హలో, సార్, డెమో క్లాస్ ఎప్పుడండీ?" అంది ఒక కుర్ర గొంతు.

"మీది ఏ ఊరు బాబూ?" అన్నాడు చక్రపాణి. అవతలి కుర్రాడు ఊరి పేరు చెప్పాడు. "కావలి వైపా? మీ ఊరి కాలవలో తెల్ల చాప పడవేదన్నా పోతూ కనపడిందా?"